ఎనిమిది కాళ్ల చిప్‌లో ఎవరి కోడ్ ఉండాలి?

(లైనక్స్ వాడేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇదంతా విని ఇంటికెళ్లి రాత్రికి రాత్రే లాప్‌టాప్ విప్పేయకండి. ముఖ్యంగా సోమవారం ప్రాజెక్ట్ సబ్మిషన్ ఉన్నవాళ్లు. (నవ్వులు)

విండోస్ తీసేసి డెబియనో ఉబుంటూనో వేసుకున్న రోజు మనందరికీ ఈ కంప్యూటర్ ఇక పూర్తిగా మనదే అనిపించి ఉంటుంది. కానీ పవర్ బటన్ నొక్కగానే నడిచే మొదటి ప్రోగ్రాం మనం వేసింది కాదు. మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్లతో చిటికెన వేలి గోరంత ఫ్లాష్ చిప్ ఒకటి ఉంటుంది. అందులో 8 ఎంబీయో 16 ఎంబీయో పడుతుంది. బయోస్ అనండి, యూఈఎఫ్ఐ అనండి, రెండిటికీ కలిపి ఫర్మ్‌వేర్ అనండి, ఆ ప్రోగ్రాం ఉండేది అక్కడే. అది కంపెనీది. సోర్స్, అంటే మనుషులు చదవగలిగే అసలు కోడ్, మనకి ఇవ్వరు. అందులో తప్పుంటే దిద్దడం వాళ్ల చేతిలోనే ఉంటుంది, దిద్దుతారో లేదో కూడా వాళ్ల ఇష్టమే.

లైనక్స్ లోడ్ అయ్యాక బయోస్‌తో పనేముంది అని చాలామంది అడుగుతారు. పని ఉంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో సిస్టమ్ మేనేజ్‌మెంట్ మోడ్ అని ఒకటుంటుంది. బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ తన కోడ్ కొంత ర్యామ్‌లో ఒక మూల దాచి, ఆ చోటికి ఆపరేటింగ్ సిస్టమ్ చూపు కూడా చేరకుండా మూసేస్తుంది. తర్వాత ఇంటరప్ట్ అనే ప్రత్యేకమైన సంకేతం వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ మీ లైనక్స్‌ని అక్కడికక్కడే ఆపి, ఆ దాచిన కోడ్ నడిపి, మళ్లీ వదులుతుంది. తనని ఆపారన్న సంగతి లైనక్స్ గుండెకాయైన కెర్నల్‌కి తెలీదు. అంటే ఫర్మ్‌వేర్ పొద్దున్నే గేటు తీసి వెళ్లిపోవట్లేదు, రోజంతా ఇంట్లోనే ఉంటోంది.

దీని చరిత్ర ఒక విచిత్రంతో మొదలైంది. 1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని తెచ్చినప్పుడు దాని బయోస్ 8 కేబీ. ఆ సోర్స్ లిస్టింగ్ మొత్తాన్ని ఐబీఎం తన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో అచ్చు వేసింది. ఎవరైనా కొనుక్కుని చదవచ్చు, వాడుకోవడానికి మాత్రం వీల్లేదు, కాపీరైట్ ఉంది. ఐబీఎం పీసీకి సరిపోయే మెషీన్ తామూ చేద్దామనుకున్న కాంపాక్ కంపెనీ వాళ్లు ఏం చేశారంటే, బయోస్ ఏమేం చేస్తుందో ఒక బృందం చేత రాయించి, ఐబీఎం కోడ్ ఎప్పుడూ చూడని ఇంకో బృందం చేత ఆ వివరణ నుంచి కొత్త బయోస్ రాయించారు. 1984లో ఫీనిక్స్ ఇలాంటిదే తయారుచేసి మిగతా కంపెనీలకి అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ మన చేతిలో పీసీ ఉందంటే బయోస్‌ని మార్చి కొత్తది రాసుకున్నవాళ్ల పుణ్యమే. అలా మార్చి బతికిన పరిశ్రమే తర్వాత తన కోడ్‌ని పూర్తిగా మూసేసుకుంది.

ఇక 1999. ఆ ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ పేలింది. అది హార్డ్‌డిస్క్ చెరిపేసి ఊరుకోలేదు, కొన్ని మదర్‌బోర్డుల బయోస్ చిప్‌లోనూ చెత్త రాసేసింది. మర్నాడు ఆ మెషీన్లు ఆన్ కాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఫర్మ్‌వేర్‌కి తాళం ఎందుకని అడిగేవాళ్లకి సమాధానం ఇక్కడే ఉంది.

అదే ఏడాది అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మినిచ్ లైనక్స్‌బయోస్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. దీనికి కారణం సిద్ధాంతం కాదు, ఒట్టి విసుగు. అక్కడ మామూలు పీసీలని గుట్టగా పేర్చి క్లస్టర్లు కట్టేవారు. పీసీ బయోస్ రాసినవాడి ఊహలో మెషీన్ ముందు ఒక మనిషి, కీబోర్డు, మానిటర్ ఎప్పుడూ ఉంటాయి. కీబోర్డు కనబడకపోతే ఎఫ్1 నొక్కమని ఆగిపోయే బయోస్‌లు మనమూ చూశాం. వందల మెషీన్ల గదిలో ఒక్క సెట్టింగ్ మార్చాలంటే కీబోర్డు పట్టుకుని ఒక్కోదాని దగ్గరికీ నడవాలి. దాని బదులు ఫ్లాష్‌లో నేరుగా లైనక్స్ కెర్నల్‌నే పెట్టేస్తే పోతుంది కదా అనుకున్నారు. అది పనిచేసింది. కొన్నాళ్లకి కెర్నల్ లావెక్కిపోయి చిప్‌లో పట్టలేదు. దాంతో హార్డ్‌వేర్‌ని లేపే భాగం వేరు, తర్వాత నడిచే ప్రోగ్రాం వేరు అని విడదీశారు. 2008లో కోర్‌బూట్ అని పేరు మార్చారు. రెండో భాగాన్ని పేలోడ్ అంటారు. పాత తరహా బయోస్ కావాలంటే సీబయోస్, యూఈఎఫ్ఐ కావాలంటే ఈడీకే2, లేదా నేరుగా లైనక్స్‌ని లోడ్ చేసే గ్రబ్ పెట్టుకోవచ్చు.

హార్డ్‌వేర్‌ని లేపడం అన్నాను. అసలు కష్టం అక్కడే ఉంది కాబట్టి కాసేపు అక్కడ ఆగుదాం.

ప్రాసెసర్ రీసెట్ నుంచి బయటపడగానే 4 జీబీ చిరునామా పరిధి చివర, సరిగ్గా 16 బైట్ల ముందున్న చోటు నుంచి మొదటి ఆదేశం తీసుకుంటుంది. ఆ చోటు ఫ్లాష్ చిప్‌లోకి వెళ్తుంది. ఆ క్షణానికి ర్యామ్ లేదు. స్లాట్‌లో ఉంటుంది గానీ పనిచేయదు. అందులో ఏ కంపెనీ స్టిక్ పెట్టారో, ఏ వేగానిదో, బోర్డు మీద ఆ తీగల పొడవెంతో ఎవరూ చెప్పలేదు. ఫర్మ్‌వేరే స్టిక్ మీదున్న చిన్న చిప్‌ని అడిగి వివరాలు తీసుకోవాలి. ఆ తర్వాత ఒక్కో సిగ్నల్‌కి ఎంత ఆలస్యం పెడితే డేటా తప్పుల్లేకుండా వస్తుందో రాసి చూసి, చదివి చూసి తేల్చుకోవాలి. దీన్నే మెమరీ ట్రెయినింగ్ అంటారు. ర్యామ్ మార్చాక మొదటిసారి స్క్రీన్ నల్లగా ఉండిపోయి మనకి టెన్షన్ పెట్టేది ఇదే.

సరే, ఆ ప్రోగ్రాం ఏ భాషలో రాస్తాం? సీ భాషలో రాద్దామంటే సీకి స్టాక్, అంటే లెక్కలు తాత్కాలికంగా దాచుకునే చోటు కావాలి, స్టాక్‌కి ర్యామ్ కావాలి. ర్యామ్‌ని లేపే ప్రోగ్రాంకి ర్యామ్ ఇంకా లేదు! మొదట్లో ఇదంతా అసెంబ్లీలో రాశారు. తర్వాత ఎరిక్ బీడర్‌మన్ రోమ్‌సీసీ అనే కంపైలర్ రాశారు. అది సీ కోడ్‌ని ర్యామ్ అసలు వాడకుండా, ప్రాసెసర్ లోపలుండే రిజిస్టర్లనే చిన్న గళ్లతోనే నడిచేలా మారుస్తుంది. నాకు ఈ ప్రాజెక్ట్ మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇది. ఆ తర్వాత ప్రాసెసర్‌లోని క్యాష్ అనే చిన్న మెమరీనే తాత్కాలికంగా ర్యామ్‌లా వాడే పద్ధతి స్థిరపడింది, రోమ్‌సీసీ అవసరం తీరిపోయింది.

ఈ మెమరీ ట్రెయినింగ్ వివరాలు చిప్ తయారీదారు బయటికి చెప్పడు. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్ తరాలకి కోర్‌బూట్ వాళ్లు రివర్స్ ఇంజనీరింగ్ చేసి ఓపెన్ కోడ్ రాసుకున్నారు. గ్రాఫిక్స్‌ని లేపడానికి అడా భాషలో ఒక లైబ్రరీ రాశారు. అవును, అడానే, విమానాల సాఫ్ట్‌వేర్‌లో వాడేది. ఆ తర్వాతి తరాల్లో చాలావాటికి ఇంటెల్ ఎఫ్ఎస్పీ అని ఒక బైనరీ, అంటే సోర్స్ లేకుండా నడిచే కోడ్ మాత్రం ఇస్తుంది. కోర్‌బూట్ దాన్ని పిలిచి పని చేయించుకుంటుంది. కాబట్టి కోర్‌బూట్ ఉంది అన్నంత మాత్రాన అంతా ఓపెన్ అనుకోకండి. ఏఎండీ 2023లో ఓపెన్‌సిల్ పేరుతో ఈ భాగాన్నే ఓపెన్ సోర్స్ చేస్తామని ప్రకటించి కొంత కోడ్ బయటపెట్టింది. పెద్ద కంపెనీ తనంతట తాను ఈ దిశలో కదలడం మంచి పరిణామమే.

డేటా సెంటర్ వాళ్లది వేరే దారి. రాన్ మినిచ్ తర్వాత గూగుల్‌లో ఉండగా, యూఈఎఫ్ఐలో మెమరీని లేపే మొదటి భాగాన్ని అలాగే ఉంచి, మిగతా డ్రైవర్ల సంతని తీసేసి అక్కడ లైనక్స్ పెట్టారు. అదే లైనక్స్‌బూట్. 2017లో ఆయన చూపించిన ఉదాహరణలో 8 నిమిషాలు పట్టే సర్వర్ 20 సెకన్లలోపే కమాండ్లు టైప్ చేసే షెల్ దాకా వచ్చింది. సర్వర్లో ఈ తేడా డబ్బు. లాప్‌టాప్‌లో మాత్రం నాలుగు సెకన్లు కలిసొస్తుందని ఫర్మ్‌వేర్ మార్చకండి, ఎస్ఎస్‌డీ వేసుకోండి చాలు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. 2008 తర్వాతి ఇంటెల్ చిప్‌సెట్లలో మేనేజ్‌మెంట్ ఇంజన్ ఉంటుంది. అది విడిగా ఒక చిన్న కంప్యూటర్. మీ ప్రాసెసర్ కన్నా ముందే లేస్తుంది, దాని కోడ్ కూడా అదే ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. 2017 మేలో దాని మీద నడిచే ఏఎంటీలో, అంటే మెషీన్‌ని దూరం నుంచి అదుపు చేసే సదుపాయంలో, ఒక లోపం బయటపడింది. ఏఎంటీ ఆన్ చేసి ఉన్న మెషీన్‌కి నెట్‌వర్క్ నుంచి పాస్‌వర్డ్ జవాబు స్థానంలో ఖాళీ పంపితే లోపలికి రానిచ్చేది! ఇంటెల్ దాన్ని దిద్దింది. ఆ దిద్దుబాటు మీ లాప్‌టాప్ దాకా రావాలంటే లాప్‌టాప్ కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేయాలి. మోడల్ పాతబడితే ఎవరు చేస్తారు? నా దృష్టిలో ఫర్మ్‌వేర్ స్వేచ్ఛ అంటే ఇంతే. కంపెనీ చేతులు దులుపుకున్నాక దిద్దుకునే హక్కు మనకి ఉందా, లేదా?

అదే ఏడాది ఇంజన్ 11వ వెర్షన్ లోపల మినిక్స్ నడుస్తోందని తేలింది. విద్యార్థులకి పాఠం చెప్పడానికి ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఆయన ఇంటెల్‌కి ఓ బహిరంగ లేఖ రాశారు. లైసెన్స్ ప్రకారం చెప్పాల్సిన అవసరం లేదు గానీ, మర్యాదకైనా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదన్నది దాని సారం. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటికొచ్చింది. ఇంజన్‌ని తొలి దశ తర్వాత ఆపేసే ఒక బిట్ ఉందని పాజిటివ్ టెక్నాలజీస్ పరిశోధకులు కనిపెట్టారు. అమెరికా ప్రభుత్వ భద్రతా కార్యక్రమం ఒకదాని కోసం పెట్టిన బిట్ అది. ప్రభుత్వం అడిగితే ఆపే స్విచ్ దొరికింది, డబ్బులిచ్చి కొన్న మనకి అది ఉందన్న కబురు కూడా లేదు.

పూర్తిగా తీసేయొచ్చా అంటే, థింక్‌ప్యాడ్ ఎక్స్200 తరంలో తీసేయొచ్చు. ఆ తర్వాతి తరాల్లో ఇంజన్ సరైన కోడ్ కనబడకపోతే దాదాపు అరగంటకి మెషీన్‌ని ఆపేస్తుంది. అందుకని 2016లో వచ్చిన ఎంఈ క్లీనర్ అనే ప్రోగ్రాం మధ్యేమార్గం పట్టింది. లేవడానికి తప్పనిసరైన భాగాలు ఉంచి మిగతావి చెరిపేస్తుంది. 5 ఎంబీ ఉండే కోడ్ సుమారు 90 కేబీకి వస్తుంది. ఆ 90 కేబీ ఏం చేస్తోందని అడిగితే నా దగ్గర సోర్స్ లేదు, సారీ. (నవ్వులు)

2013లో ఇంటెల్ హాస్‌వెల్ ప్రాసెసర్లతో బూట్ గార్డ్ అనే తాళం వచ్చింది. లాప్‌టాప్ కంపెనీ తన సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ తాలూకు హాష్‌ని, అంటే వేలిముద్ర లాంటి సంఖ్యని, ఫ్యాక్టరీలోనే చిప్‌సెట్ ఫ్యూజుల్లో కాల్చేస్తుంది. ఆ కీతో సంతకం లేని ఫర్మ్‌వేర్ పెడితే మెషీన్ లేవదు. ఫ్యూజు ఒకసారి కాలిస్తే ఇంటెల్ వచ్చినా తిప్పలేదు. సీఐహెచ్ వైరస్ గుర్తుంది కదా, కాబట్టి ఈ ఏర్పాటు ఉద్దేశం తప్పని నేననను. కానీ 2023లో ఏమైందో చూడండి. ఎంఎస్ఐ కంపెనీ మీద హ్యాకర్లు దాడి చేసి డేటా ఎత్తుకెళ్లారు. బయటపెట్టిన వాటిలో కొన్ని మోడళ్ల బూట్ గార్డ్ ప్రైవేట్ కీలు కూడా ఉన్నాయి. ఆ మెషీన్లలో కీ మార్చడానికి లేదు, ఫ్యూజు కాలిపోయింది. ఇప్పుడు దొంగైతే సంతకం పెట్టగలడు, కొన్నవాడు పెట్టలేడు. కాదు కాదు, కొన్నవాడూ దొంగ కీ డౌన్‌లోడ్ చేసుకుని పెట్టొచ్చు. (నవ్వులు) 2024లో ఇంకా విడ్డూరం. సంతకం ఉన్న ప్రోగ్రాంనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కి మూలమైన కీ, నమూనాగా ఇచ్చిన టెస్ట్ కీ, పేరులోనే "దీన్ని నమ్మొద్దు" అని రాసి ఉన్నది, వందల మోడళ్లలో అలాగే అమ్ముడుపోయిందని బైనర్లీ సంస్థ బయటపెట్టింది.

దీనికి పక్కన క్రోమ్‌బుక్ పెట్టి చూడండి. క్రోమ్‌బుక్‌లన్నీ ఏళ్లుగా కోర్‌బూట్ మీదే నడుస్తున్నాయి. అంటే మీలో కొందరు తెలీకుండానే కోర్‌బూట్ వాడేశారు. వాటికీ తాళం ఉంది. పాత మోడళ్లలో ఆ తాళం బోర్డు మీద ఒక స్క్రూ. స్క్రూ ఉన్నంతసేపు ఫ్లాష్‌లోని ముఖ్యమైన భాగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. మెషీన్ విప్పి స్క్రూ తీస్తే మార్చొచ్చు. వైరస్ ఇంటర్నెట్ మీద వచ్చి స్క్రూ విప్పలేదు, విప్పగలిగేది మెషీన్ చేతిలో ఉన్న మనిషే. కొత్త మోడళ్లలో స్క్రూ బదులు భద్రతా చిప్ వచ్చింది, బ్యాటరీ కనెక్టర్ తీయడమో ప్రత్యేకమైన కేబుల్ పెట్టడమో చేయాలి. పద్ధతి మారినా హక్కు యజమానికే మిగిలింది. అప్‌డేట్లు ఆగిపోయిన స్కూలు క్రోమ్‌బుక్‌లలో జనం యూఈఎఫ్ఐ పేలోడ్ వేసి లైనక్స్ నడుపుకుంటున్నారంటే ఆ స్క్రూ వల్లే. భద్రతా, స్వేచ్ఛా ఒకదానికొకటి అడ్డం అని ఎవరైనా వాదిస్తే ఈ స్క్రూ చూపించండి.

బూట్ గార్డ్ ఉన్న థింక్‌ప్యాడ్ టీ480 లాంటివాటికి 2024లో డీగార్డ్ అనే దారి దొరికింది. 2017లో మేనేజ్‌మెంట్ ఇంజన్‌లో ఏఎంటీది కాక ఇంకో భద్రతా లోపం కూడా బయటపడింది, పాత ఇంజన్ కోడ్ వేసి ఆ లోపంలోంచే దూరి బూట్ గార్డ్‌ని తప్పిస్తుంది. సొంత ఇంట్లోకి కిటికీ ఊచలు వంచి దూరుతున్నాం. పని జరుగుతుంది, ముచ్చట మాత్రం వేయదు.

ఇక చేతిపని. మొదటిసారికి నేను చెప్పేది థింక్‌ప్యాడ్ ఎక్స్230. 2012 మోడల్, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్ షాపులు తిరిగితే ఆ తరం థింక్‌ప్యాడ్‌లు ఇంకా కనబడతాయి. బూట్ గార్డ్ లేదు, ర్యామ్‌ని లేపే కోడ్ ఓపెన్. ఇంకో లాభం కూడా ఉంది. దాని ఫ్యాక్టరీ బయోస్ తన జాబితాలో లేని వైఫై కార్డు పెడితే బూట్ కానివ్వదు, కోర్‌బూట్‌లో ఆ జాబితాయే లేదు.

కీబోర్డు, అరచేతులు ఆనే పలక తీస్తే రెండు ఫ్లాష్ చిప్‌లు కనబడతాయి. ఒకటి 8 ఎంబీ, ఇంకోటి 4 ఎంబీ, కలిపి 12. చిప్‌లో ఏది ఎక్కడుందో చెప్పే డిస్క్రిప్టర్, మేనేజ్‌మెంట్ ఇంజన్, నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్ 8 ఎంబీ దాంట్లో ఉంటాయి. కోర్‌బూట్ మొత్తం 4 ఎంబీ దాంట్లో పట్టేస్తుంది. మొదటిసారి ఆ 4 ఎంబీ చిప్ మాత్రమే రాయండి, ఇంజన్ జోలికి తర్వాత వెళ్దురుగాని.

కావలసినవి ఎనిమిది కాళ్ల చిప్‌ని పట్టుకునే క్లిప్, చిప్‌ని చదివి రాసే ప్రోగ్రామర్ అనే చిన్న పరికరం. కొన్ని వందల రూపాయలకి సీహెచ్341ఏ దొరుకుతుంది. అందులో నల్ల బోర్డు రకం జాగ్రత్త. చిప్‌కి కావలసింది 3.3 వోల్టులైతే అది డేటా తీగల్లో 5 వోల్టులు పంపిస్తుంది. చాలామందికి ఏమీ కాదు, కొందరికి చిప్ పోతుంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటే దాని పిన్నులకి కలపండి, ఆ గొడవ లేదు. బ్యాటరీ, ఛార్జర్ రెండూ తీసేశాకే క్లిప్ పెట్టండి.

రాయడానికి ముందు చదవండి. ఫ్లాష్‌రోమ్ అనే ప్రోగ్రాంతో రెండుసార్లు చదివి రెండు ఫైళ్ల హాష్ పోల్చండి. తేడా వస్తే క్లిప్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, తీసి మళ్లీ పెట్టండి. తొందరపడేవాళ్లంతా పడేది ఇక్కడే. రెండూ ఒకటయ్యాక ఆ ఫైలుని కనీసం రెండు చోట్ల దాచండి, అదే లాప్‌టాప్‌లో మాత్రం కాదు. (నవ్వులు) కోర్‌బూట్ కంపైల్ చేయడం దీనికన్నా తేలిక. బోర్డు పేరు ఎంచుకుని, పేలోడ్ సీబయోస్ అని పెడితే చాలు. దాని సొంత క్రాస్ కంపైలర్ తయారవడానికి మాత్రం చాలాసేపు పడుతుంది, ఈలోపు భోంచేయండి. ఒకసారి ఎక్కాక తర్వాతి అప్‌డేట్లకి మెషీన్ విప్పక్కర్లేదు, లైనక్స్ లోపలి నుంచే రాయొచ్చు.

అన్నీ చేశాక కూడా ఎక్స్230లో మూసి ఉన్నవి కొన్ని మిగులుతాయి. ప్రాసెసర్ లోపల దాని ఆదేశాలని నడిపించే మైక్రోకోడ్, కీబోర్డు, బ్యాటరీ చూసే ఎంబెడెడ్ కంట్రోలర్, ఎస్ఎస్‌డీ లోపలి ఫర్మ్‌వేర్ అన్నీ కంపెనీలవే. మైక్రోకోడ్ అప్‌డేట్ వద్దని పట్టుబట్టేవాళ్లున్నారు, నేను వాళ్లతో ఏకీభవించను. ప్రాసెసర్‌లో ఎలాగూ పాత మైక్రోకోడ్ ఉంది. కొత్తది వేయకపోతే మిగిలేది స్వేచ్ఛ కాదు, పాత తప్పులు.

(సభలోంచి ప్రశ్న: కొత్త లాప్‌టాప్ కొనాలంటే?)

సిస్టమ్76, ప్యూరిజం, స్టార్ ల్యాబ్స్, నోవాకస్టమ్ లాంటి కంపెనీలు కోర్‌బూట్‌తో అమ్ముతున్నాయి. సిస్టమ్76 అయితే ఎంబెడెడ్ కంట్రోలర్ ఫర్మ్‌వేర్ కూడా ఓపెన్ చేసింది. మనం ఇక్కడికి తెప్పించుకోవాలంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్కేసుకోండి, రిపేర్ వస్తే ఎవరికిస్తామో కూడా. మామూలు కంపెనీలదైతే కొనేముందే కోర్‌బూట్ బోర్డుల జాబితా చూడండి. అందులో లేకపోతే తర్వాత ఏదో చేద్దాంలే అని కొనకండి, బూట్ గార్డ్ ఉంటే చేయగలిగేది దాదాపు ఏమీ లేదు.

(ప్రశ్న: రిస్క్-వీ వస్తే ఈ సమస్య పోతుందా సార్? ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి ప్రాసెసర్ ఉంది కదా.)

శక్తి లాంటి ప్రాసెసర్లలో డిజైనే బయట ఉంది, అది పెద్ద విషయం. బూట్ కోడ్ కూడా చాలావరకు ఓపెన్‌ఎస్‌బీఐ, యూ-బూట్, రెండూ ఓపెన్. కానీ రిస్క్-వీ అనేది ఆదేశాల ప్రమాణం మాత్రమే. దాన్ని వాడి ఎవరైనా చిప్ చేసి, మెమరీ ట్రెయినింగ్ బైనరీగా ఇచ్చి, ఫ్యూజులో తన కీ కాల్చేసి అమ్మొచ్చు. ప్రమాణం అడ్డుకోదు. అక్కడా అదే ప్రశ్న అడగాలి.

(ప్రశ్న: మధ్యలో కరెంట్ పోయి మెషీన్ లేవకపోతే?)

బ్యాకప్ ఉంటే భయం లేదు. క్లిప్ మళ్లీ పెట్టి పాత ఫైలు రాయండి, లేస్తుంది. బ్యాకప్ లేకపోతే అప్పుడు టెన్షన్ పడండి. నా దగ్గర రెండు పాత ఎక్స్230లు, రాస్‌బెర్రీ పై, క్లిప్ ఉన్నాయి. టీ తాగి పక్క గదిలోకి రండి, మొదట చదవడం వరకే చేద్దాం. హాష్‌లు కలిస్తే అప్పుడు రాద్దాం.